క్యాంటీన్ గంటలో చిక్కునూలు

సభలో ఓటింగు పెట్టే ముందు భవనమంతా గంటలు మోగుతాయి. నడవాల్లో, లైబ్రరీలో, సభ్యులు సిగరెట్టు కాల్చుకునే వరండాలో, చివరికి మా క్యాంటీన్‌లో టీ పొయ్యి పైన గోడకి కూడా ఒకటుంది. క్యాంటీన్ వెనక మూలన ఉంది కాబట్టి మిగతా గంటలు అక్కడిదాకా వినబడవు. ఆ మోత ఆగేలోపు సభ్యులు ఎక్కడున్నా హాల్లోకి చేరుకోవాలి. ఆగగానే తలుపులు వేసేస్తారు. లోపలున్నవాళ్ళదే ఓటు. బయట ఉండిపోయినవాళ్ళు ఎంత గొప్పవాళ్ళయినా ఆ పూటకి లేనట్టే లెక్క.

మా క్యాంటీన్ గంటకీ నాకూ మొదట్నుంచీ పడదు. గిన్నె బోర్లించినట్టుండే ఇనప గంట, పక్కన చిన్న సుత్తి. మోగిందంటే అరలో కప్పులు గజగజలాడతాయి, నా పళ్ళు జిల్లుమంటాయి. ఒకసారి ఉలిక్కిపడి మరుగుతున్న పాలు చేతిమీద ఒంపుకున్నాను. ఆ దెబ్బతో గిన్నెకీ సుత్తికీ మధ్య చిక్కునూలు ఉండ ఒకటి కుక్కడం అలవాటు చేసుకున్నాను. మా తమ్ముడు నూలుమిల్లులో ఫిట్టరు. చేతికంటిన నూనె తుడుచుకోవడానికి వాళ్ళు వాడే పనికిరాని నూలు మా ఇంట్లో ఎప్పుడూ ఓ సంచెడు ఉండేది. అది కుక్కాక గంట మోగడం మానేసి గుర్రుమనేది. సభ్యులు నవ్వుకుని, కప్పులు దించి, ఆ గుర్రుకే లేచి వెళ్ళేవారు. నేను నూలు పెడతానని భవనంలో అందరికీ తెలుసు. ఎవరూ ఏనాడూ అడ్డు చెప్పలేదు.

మిల్లు మూతపడ్డాక తమ్ముడూ మరదలూ నా రెండు గదుల ఇంట్లోకి వచ్చేశారు. మా ఆయన పోయాక ఆ ఇంట్లో నాకు నోరు విప్పే అవసరమే లేకుండా పోయింది కాబట్టి వాళ్ళు రావడం నాకు సంతోషమే. తమ్ముడికే ఊపిరాడేది కాదు. పని లేకుండా ఇంట్లో ఉంటే కాలుకాలిన పిల్లి వాడు. కుర్చీలో కుదురుగా కూర్చోడు, కూర్చుంటే కాలు ఊపుతాడు, ఊపొద్దంటే లేచి కిటికీ దగ్గరికి పోతాడు, అక్కణ్ణుంచి తలుపు దగ్గరికి, మళ్ళీ కిటికీ దగ్గరికి.

"మిల్లు తెరిస్తే అందరికంటే ముందు సంతోషించేది ఈ గచ్చే వదినా, అరిగిపోతోంది పాపం," అనేది మరదలు.

పొద్దున పూట మాత్రం వాడు మనిషిలా ఉండేవాడు. తెల్లారగానే నూనె డబ్బా పట్టుకుని మిల్లుకి వెళ్ళేవాడు. అక్కడి కాపలాదారు పాత స్నేహితుడు, పక్క తలుపు తీసి లోపలికి పంపేవాడు. నూలు వడికే యంత్రాల్ని వరసగా ఒక్కొక్కదాన్నే చేత్తో కాస్త తిప్పి, నూనె వేసి, మళ్ళీ తిప్పి వచ్చేవాడు. అలా తిప్పకపోతే బేరింగులు పట్టేస్తాయట, పట్టేశాక తెరిచినా నడవవట. జీతం లేదు, రమ్మన్నవాడు లేడు. ఎందుకురా అంటే, "రేపు తెరిచేసరికి తిరగాలి కదక్కా," అనేవాడు.

ఆ రేపుని వాడికి అంటగట్టింది కొత్త పార్టీ. ఎన్నికలప్పుడు మిల్లు గోడమీదే నిలువెత్తు అక్షరాలతో రాయించారు, గెలిస్తే మొదటి సమావేశాల్లోనే చట్టం తెస్తాం, మూసిన మిల్లులన్నీ తెరుస్తాం అని. తమ్ముడు అక్షరం అక్షరం నమ్మాడు. నేను నమ్మలేదని ఇప్పుడు చెప్పుకుంటే గొప్పగానే ఉంటుంది. కానీ నేనూ నమ్మాను, నమ్మే వేశాను ఓటు. గెలిచారు. పాతవాళ్ళకీ వీళ్ళకీ తేడా కొద్దిమందే అయినా గెలుపు గెలుపే. మా పేట నుంచి గెలిచినాయన మా క్యాంటీన్‌కి మొదటిసారి వచ్చిన రోజున నేను టీ ఊరికే ఇచ్చాను.

బిల్లు నిజంగానే పెట్టారు. పాత ఇనుము వ్యాపారి ఒకడు అప్పటికే మిల్లు యంత్రాలకి బేరం కుదుర్చుకుని కాచుక్కూర్చున్నాడు. సమావేశాలు ముగిసేలోపు చట్టం వస్తే ఆ బేరం రద్దు. రాకపోతే మర్నాడే వాడి మనుషులు వచ్చి యంత్రాల్ని ముక్కలుగా కోసి లారీలకెత్తుకుంటారు. తమ్ముడి బతుకంతా ఆ రెంటి మధ్యా ఊగుతోంది.

ఓటింగు రోజు పొద్దున్నే స్టూలెక్కి గంటలోంచి చిక్కునూలు పీకి సొరుగులో పడేశాను. నా పళ్ళు రాలిపోయినా సరే, ఇవాళ ఒక్కడు కూడా వినబడలేదు అనకూడదు అనుకున్నాను.

మధ్యాహ్నం గంట మోగింది. మామూలుగా కాదు, గోడ బీటలు వారుతుందా అన్నట్టు మోగింది. అప్పుడు కిటికీ పక్క బల్ల దగ్గర కొత్త పార్టీ సభ్యులు ఓ గుంపుగా కూర్చుని ఉన్నారు. వాళ్ళలో పెద్దాయన ఎప్పుడూ చక్కెర రెండు చెంచాలు వేయించుకుంటాడు, నేను ఆయన్ని రెండు చెంచాలాయన అంటాను. మా పేట సభ్యుడూ వాళ్ళ మధ్యే ఉన్నాడు. ఎవ్వరూ లేవలేదు. బెల్లం కొట్టిన రాయిలా కూర్చుండిపోయారు.

నేను వాళ్ళ దగ్గరికి పరిగెత్తాను. "అయ్యా, గంట!"

"ఏ గంటమ్మా?" అన్నాడు రెండు చెంచాలాయన. గంట మోతలో నాకు వినబడదని గొంతు పెంచి మరీ అడిగాడు.

మా పేట సభ్యుడి వైపు చూశాను. ఆయన కప్పులో ఈగ పడ్డట్టు అందులోకే చూస్తున్నాడు. మోత ఆగింది. ఇక హాలు తలుపులు మూసేసినట్టే. రెండు చెంచాలాయన కప్పు ముందుకి జరిపి ఇంకొంచెం పొయ్యమన్నాడు. నేను పొయ్యలేదు. అదొక్కటే ఆ రోజు నేను చేయగలిగింది.

బిల్లు పడిపోయింది. సాయంత్రానికి గేటు ముందు మిల్లు మనుషులు నిండిపోయారు. పత్రికలవాళ్ళు అడిగినదానికి సభ్యులందరూ ముందే కూడబలుక్కున్నట్టు ఒకటే పాట అందుకున్నారు. క్యాంటీన్‌లో గంట వినబడలేదు, టీ పోసే ఆవిడ అందులో ఏదో కుక్కుతుంది, కావాలంటే ఎవరినైనా అడగండి.

మర్నాడు పొద్దున్నే విప్‌గారు మా సామాన్ల గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. పార్టీ సభ్యుల్ని ఓటుకి తోలుకెళ్ళడమే ఆయన పని. చక్కెర బస్తా మీద కూర్చుని, సొంత మేనమామలా మాట్లాడాడు.

"గంటలో నూలు పెడతావట కదమ్మా?"

"పెడతానండీ. కానీ నిన్న పెట్టలేదు. పొద్దున్నే తీసేశాను. వాళ్ళకి వినబడింది, నేను కళ్ళారా చూశాను."

"తీశావని నీకు తప్ప ఎవరికి తెలుసు? సరే, అది వదిలెయ్. నే చెప్పేది విను. గంట మోగిందనుకో, ఓటింగు ఓటింగే, బిల్లు చచ్చినట్టే. ఈ సమావేశాల్లో మళ్ళీ పెట్టడానికి లేదు. గంట మోగలేదనుకో, ఆ ఓటింగు చెల్లదని స్పీకర్‌గారు కొట్టేస్తారు. ఆఖరి రోజు మళ్ళీ పెడతాం. మీ తమ్ముడు మిల్లులోనే కదా చేసేది?"

ఆయనకి ఇదెలా తెలిసిందో నాకు తెలీదు.

"నూలు నేనే పెట్టానని స్పీకర్‌గారు వేసే విచారణ కమిటీ ముందు ఒక్క మాట చెప్పు. నీ ఉద్యోగం పోతుంది, నేను దాచను. మిల్లు మాత్రం తెరుచుకుంటుంది."

"నిన్న లేవనివాళ్ళు రేపు మాత్రం లేస్తారని ఏంటండీ నమ్మకం?"

"నిన్న అలిగారమ్మా. పదవులు రాలేదని అలకలు. కూర్చోబెట్టి మాట్లాడాను, సర్దుకున్నారు." గుండెమీద చెయ్యి వేసుకున్నాడు. "ఒక్కొక్కణ్ణి చెయ్యి పట్టుకుని నేనే లోపలికి తీసుకెళ్తాను. నా మాట నమ్ము."

ఆ రోజంతా నా చేతులు పనిమీద నిలవలేదు. చక్కెర వేసిన కప్పులోనే మళ్ళీ చక్కెర వేశాను. మాడు వాసన వచ్చేదాకా పొయ్యి మీద పాలున్న సంగతే గుర్తులేదు. అబద్ధం ఆడాలని ఉంది, ఆడించేవాడి మీద మండిపోతోంది. మిల్లు తెరుచుకుంటే చాలు, నా టీ గిన్నెలు ఎటుపోతే నాకేం అనుకున్నాను. అంతలోనే, ఆ పెద్దమనుషుల సోమరితనాన్ని నా నెత్తిన ఎందుకు వేసుకోవాలి అనిపించింది.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి తమ్ముడు కిటికీకీ తలుపుకీ మధ్య కవాతు చేస్తున్నాడు. నన్ను చూడగానే ఆగాడు.

"అక్కా, నిజం చెప్పు. గంట వాళ్ళకి వినబడలేదా?"

నిజం నాలిక చివరిదాకా వచ్చింది. చెబితే వీడు ఊరుకోడు, గేటు దగ్గరికి వెళ్ళి అందరితో అనేస్తాడు, మళ్ళీ ఓటింగన్న మాటే ఉండదు. "అందులో నూలు ఉండిపోయిందిరా," అన్నాను.

"మా మిల్లు నూలా? నేను తెచ్చి ఇచ్చిందా?"

నేను తలూపాను. వాడి వైపు నుంచి ఆలోచించనే లేదు నేను. వాడు మెల్లగా వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. కాలు ఊపలేదు. లేచి కిటికీ దగ్గరికి పోలేదు. ఇంతకాలం కుదురుగా కూర్చోరా బాబూ అని మొత్తుకున్నదాన్ని, వాడలా కూర్చుంటే చూడలేకపోయాను. మరదలు వంటగదిలోంచి వచ్చి వాణ్ణీ నన్నూ మార్చి మార్చి చూసింది. ఆమె జోకులు కూడా ఆ పూటతో ఆగిపోయాయి.

కమిటీ ముందు చెప్పేశాను. నూలు నేనే పెట్టానండీ, తీయడం మర్చిపోయానండీ. సభ్యులంతా జాలిగా చూశారు. రెండు చెంచాలాయనైతే, "పోనీలెండి, పాపం తెలియక చేసింది," అని నా తరఫున మాట్లాడాడు. ఆ మాటకి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా తల దించుకునే ఉన్నాను.

విప్‌గారు అన్నట్టే అయింది. ఓటింగు చెల్లదన్నారు, నాలుగు రోజుల తర్వాత, ఆఖరి రోజున మళ్ళీ పెడతామన్నారు. గేటు ముందు జనం చప్పట్లు కొట్టి ఇళ్ళకి వెళ్ళిపోయారు. గంట కింద గోడకి "ఇందులో ఏమీ కుక్కరాదు" అని కాగితం అంటించారు. ఆఖరి రోజు సాయంత్రానికి తాళాలు అప్పగించి వెళ్ళిపొమ్మని నాకు చెప్పారు. నా స్థానంలో పై అంతస్తు నుంచి నా వయసావిణ్ణే ఒకరిని వేశారు. పనిమంతురాలే, కాస్త పిరికిది.

ఆ నాలుగు రోజులూ తమ్ముడు నాతో సరిగా మాట్లాడలేదు. నామీద కోపంతో కాదు, తన మీద తనకే. పొద్దున్నే మిల్లుకి వెళ్ళడం మాత్రం మానలేదు. ఒక యంత్రం బిగుసుకుంటోందని మరదలితో అంటుంటే విన్నాను.

ఆఖరి రోజు సభలో ముందు సభ్యుల జీతాల పెంపు, దాని తర్వాత మిల్లుల బిల్లు. కొత్తావిడ పొయ్యి దగ్గర నిలబడితే నేను సామాన్లు అప్పగిస్తున్నాను. కిటికీ పక్క బల్ల నిండా ఆ గుంపే. రెండు చెంచాలాయన కప్పులో చెంచా తిప్పుతున్నాడు.

ఎక్కడో గుర్రుమన్నట్టయింది. తేనెటీగ కప్పు కింద చిక్కుకున్నంత చప్పుడు. కొత్తావిడ ఏదో చెబుతుంటే నాకే సరిగా తెలియలేదు. కానీ వాళ్ళకి తెలిసింది. కుర్చీలు ఒక్కసారి కిర్రుమన్నాయి. రెండు చెంచాలాయన వయసు మరచిపోయి పరిగెత్తాడు. చెంచా ఇంకా కప్పులో తిరుగుతూనే ఉంది. మా పేట సభ్యుడు గుమ్మంలో ఇంకొకాయన్ని భుజంతో నెట్టి ముందుకెళ్ళాడు. క్యాంటీన్ ఖాళీ అయింది. టీ కప్పులు పొగలు కక్కుతూ ఉండిపోయాయి.

నేను తలెత్తి గంటకేసి చూశాను. గిన్నెకీ సుత్తికీ మధ్య, కాగితం అంటించిన చోటికి కాస్త పైన, చిక్కునూలు ఉండ.

"నేనే పెట్టానండీ," అంది కొత్తావిడ బెదురుగా. "పొద్దున సభ మొదలయ్యే గంటకే గుండె జారిపోయింది. మీ సొరుగులో ఇది కనబడితే కుక్కేశాను. తప్పా?"

నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఉన్నాను, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. స్టూలెక్కి నూలు పీకి జేబులో వేసుకున్నాను.

కాసేపటికి అందరూ తిరిగొచ్చారు. జీతాలు పెరిగాయి కాబట్టి మొహాలు వెలిగిపోతున్నాయి. చల్లారిన టీలు తీసేసి వేడిగా పొయ్యమన్నారు. కొత్తావిడ పోసింది. నేను గోడకానుకుని నిలబడ్డాను.

గంట మోగింది. అడ్డేమీ లేని గంట. కప్పులు గజగజలాడాయి, కొత్తావిడ చెవులు మూసుకుంది. బల్ల దగ్గర ఒక్క కుర్చీ కదల్లేదు. రెండు చెంచాలాయన చక్కెర అందుకున్నాడు. మా పేట సభ్యుడు సగం లేచాడు. అప్పుడే గుమ్మంలో విప్‌గారు కనబడ్డాడు.

నా ప్రాణం లేచొచ్చింది. వచ్చాడు, చెయ్యి పట్టుకుని తీసుకెళ్తానన్నాడు, తీసుకెళ్తాడు. విప్‌గారు మా పేట సభ్యుడి భుజం మీద చెయ్యి వేశాడు. వేసి, కూర్చోబెట్టాడు. తనూ ఒక కుర్చీ లాక్కున్నాడు.

"నాకూ ఒకటి," అని కొత్తావిడకి వేలు చూపించాడు.

నేను బల్ల దగ్గరికి వెళ్ళాను. "మీరు నాకు మాటిచ్చారు," అన్నాను. అరిచాననే అనుకుంటున్నాను.

ఆయన చెవి దగ్గర అరచెయ్యి పెట్టుకున్నాడు. "ఏమన్నావమ్మా? ఈ గంట మోతలో ఏమీ వినబడి చావట్లేదు!"

బల్ల చుట్టూ ఎవరో నవ్వారు. అప్పుడర్థమైంది నాకు. నా అబద్ధంతో వాళ్ళు కొనుక్కుంది మిల్లుని కాదు, గేటు ముందున్న జనం చల్లబడడానికి నాలుగు రోజుల గడువు. సమావేశాలు అయిపోయాయి కాబట్టి ఈసారి సాకు కూడా అక్కర్లేదు. తాళాల గుత్తి ఆయన కప్పు పక్కన ఠప్పున పడేసి బయటికి నడిచాను.

నడవా పొడుగునా గంటలు మోగుతూనే ఉన్నాయి. మెట్లు దిగాను, గేటు దాకా వచ్చాను. మిల్లు మనుషుల మధ్య తమ్ముడు నిలబడి ఉన్నాడు. నన్ను చూసి చేతులూపుతూ ఎదురొచ్చాడు. వాడి నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో.

"మోగిందక్కా! ఇక్కడిదాకా వినబడింది! ఇంత దూరం వినబడ్డది లోపలివాళ్ళకి వినబడకుండా ఉంటుందా? ఈసారి నూలు తీసేశావు కదా?"

"తీశానురా," అన్నాను. "ఆ రోజూ తీశాను."

వాడికి అందలేదు. నవ్వుతూనే ఉన్నాడు. నేను గొంతు పెంచాను, వాడికే కాదు, గేటు దగ్గరున్న అందరికీ వినబడేట్టు చెప్పాను. "ఆ రోజు గంటలో ఏమీ లేదు. ఇలాగే మోగింది. విని కూడా లేవలేదు వాళ్ళు. మళ్ళీ ఓటింగు పెడతామంటే నేనే అబద్ధం చెప్పాను. నీ నూలు వల్ల ఏమీ జరగలేదు తమ్ముడూ, నీ తప్పు ఇసుమంత లేదు."

వాడి మొహంలో ఏదో బరువు దిగింది. అది పూర్తిగా దిగేలోపే కళ్ళు నా భుజం మీదుగా భవనం వైపు వెళ్ళాయి.

"మరి ఇవాళ?"

నేను జవాబు చెప్పేలోపే గంటలు ఆగిపోయాయి. తలుపులు మూస్తున్నారని అక్కడున్న ప్రతివాడికీ తెలుసు.

"టీ తాగుతున్నారు," అన్నాను.

వెనక ఎవరో బూతు తిట్టారు, ఎవరో గేటుని బాదడం మొదలుపెట్టారు. తమ్ముడు మాత్రం అలాగే నిలబడ్డాడు. తిడతాడనుకున్నాను, నన్నయినా సరే. వాడు చెయ్యి చాపాడు.

"ఆ నూలు ఉందా నీ దగ్గర? ఇలా ఇవ్వు. రేపు పొద్దున్న కావాలి. ఆ మూల యంత్రం బిగుసుకుంటోంది, ఇవాళ సరిగా తిరగలేదు."

"రేపు వాళ్ళు కోయడానికి వస్తార్రా."

"రానీ అక్కా. చచ్చినదాన్ని కోస్తున్నాం అనుకుంటారు వాళ్ళు. తిరుగుతున్నదాన్ని కోస్తున్నామని తెలియాలి కదా."

జేబులోంచి నూలు తీసి వాడి చేతిలో పెట్టాను. వాడు దాన్ని చొక్కా లోపల దోపుకున్నాడు.

"నేనూ వస్తాను," అన్నాను. "నాకూ రేపట్నుంచి పొద్దున్నే చేయడానికి పనేమీ లేదు."